ఒకే గిన్నె

మొన్న మా కోడలు పాయసం చేస్తుంటే, ఉడికే కిస్మిస్ వాసనకు మా ఊరి మెథడిస్టు చర్చి గుర్తొచ్చింది. నిజాం కాలంలో, పాలమూరు వైపు మా మాదిగవాడలో, అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగే ప్రభు సంస్కారానికి పాస్టరమ్మ కిస్మిస్ ఉడికించి రసం తీసేది.

ఒక ఆదివారం సాలెల ఇంటి నర్సమ్మ మొదటిసారి సంస్కారానికి వచ్చి, మా అమ్మ పక్కన మోకరించింది. మేం దూపతో వాళ్లింటికి పోతే ఆమె ఎప్పుడూ దూరం నుంచే దోసిట్లోకి నీళ్లు వంపేది. పాస్టరు గిన్నె అందిస్తే అమ్మ తాగింది. తర్వాత అదే గిన్నె నర్సమ్మ ముందుకు వచ్చింది. అమ్మ పొరపాటున ముందు తాగేసిందనీ, ఇక మాకు దెబ్బలు తప్పవనీ భయపడ్డాను.

“తాగకమ్మా! అది మా అమ్మ ఎంగిలి!” అని అరిచాను.

అమ్మ తల వంచుకుంది. నర్సమ్మ నా వైపు చూసింది. అయినా గిన్నె పట్టుకుని తాగింది.

బయటికి వచ్చాక ఆమె నా తల నిమిరి, “బాగ దూపైతాంది బిడ్డా. మీ ఇంట్ల జర నీళ్లుంటే ఇయ్యరాదు?” అంది.

అమ్మ ఉరికిపోయి చెంబు తోమి నీళ్లు తెచ్చింది. వాడంతా చూస్తుండగా నర్సమ్మ మా వాకిట్లో కూర్చుని, చెంబు కరుచుకుని గటగటా తాగింది.

ఆమెకు ఆ రోజు నిజంగా దూపైందో లేదో నాకిప్పటికీ తెలియదు.