వదిన గీసిన అరవై నాలుగు గడులు

వదిన పోయింది. పోయిన మంగళవారం పొద్దున అన్న ఫోన్ చేసి, "ఒరే, మీ వదిన లేయలేదురా" అన్నాడు. నేను అప్పుడు మడకశిరలో ఏదో సభలో మాట్లాడేందుకు పోయి ఉన్నాను. అనంతపురం బస్సెక్కి, దారి పొడుగునా ఆ ఒక్క మాటే వింటా వచ్చినాను. డాక్టరు గుండె అన్నాడంట. నిద్రలోనే ఆగిపోయిందంట.

మర్నాడు పత్రికలో, జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్లు వేసినారు. ఫలానా రచయిత వదిన, గృహిణి, అని. చదవగానే నాకు తిక్క రేగింది. ఆ విలేకరికి ఫోన్ చేసి అరిచినాను. "గృహిణి అంటే ఏందయ్యా? ఆమె గంటె పట్టుకొని పుట్టిందనుకున్నావా?" పాపం అతను నెమ్మదస్తుడు. "మరేమని రాయాలో చెప్పన్నా, సవరణ వేస్తాం" అన్నాడు. ఫోన్ పెట్టేసినాను.

ఎందుకంటే ఆమెను గృహిణిని చేసింది నేను. పోయినవాళ్లను పొగిడి, పొగడ్తల కింద మన పాపాలు పూడ్చుకోవడం మనకొక అలవాటు. ఆ పని నేను చేయను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వదినది తనకల్లు దగ్గర ఒక మెట్ట పల్లె. వాళ్ల నాయన గొర్రెలు మేపేవాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. పెళ్లయి మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె పెట్టెలో చీరల కింద, తీగలు అతికించే సాల్డరింగ్ కడ్డీ ఉండింది. మా అమ్మ దాన్ని చూసి వాతలు పెట్టే కడ్డీ అనుకొని బెదిరింది. అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో వదినకు కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటు పని దొరికింది. కాంట్రాక్టు పనే, కానీ ఆమె ప్రాణం అందులోనే. మిషన్ విప్పే ముందు చేతి గాజులు తీసి టిఫిన్ డబ్బాలో వేసుకునేది. మాపు ఇంటికొచ్చి డబ్బా కడుగుతుంటే గలగల వినపడేది.

నేను అప్పటికే నాలుగు పేజీల మాసపత్రిక నడుపుతున్నాను. కంప్యూటర్లు కూలీల నోట మన్ను కొడతాయని ప్రతి సంచికలోనూ రాసేవాణ్ణి. వదిన ప్రతి సంచికా రెండుసార్లు చదివేది. ఆ తర్వాత ఏడిపించేది.

"ఏమప్పా మరిదీ, ఇది యాడ అచ్చేసినావు?"

"ప్రెస్సులో."

"ప్రెస్సులో అచ్చరాలు కూర్చేది మనిషా, మిషనా?"

నేను పళ్లెం ముందుకు జరుపుకునేవాణ్ణి. "సంగటి తిను, సల్లారిపోతాది. ఇప్లవం రేపు చేద్దువుగానీ" అని ముద్ద మీద ఊరిబిండి పచ్చడి వేసేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కాలేజీలో పాత మిషన్లను పారేస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. ఊరికే దొరికే సాఫ్ట్‌వేరు ఏరుకొచ్చి, తన సొంతం కొంత రాసి, ఒక సీడీ తయారు చేసింది. అది వేస్తే చచ్చిన మిషన్ కూడా లేచి కూర్చునేది. కరెంటు ఇచ్చినాక మొట్టమొదట తాను లేచి, మిగతా వాటినన్నిటినీ లేపే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. బూట్‌లోడర్ అంటారు. వదిన దాన్ని 'కోడికూత' అనేది. ఆ కోడికూత ముందు ప్రాసెసర్‌ను పలకరిస్తుంది, నీకేమేమి విద్యలు వచ్చు అని. ప్రాసెసర్ తన విద్యలన్నీ చెబుతుంది. పిల్లలు చూసి నేర్చుకుంటారని, ఆ విద్యల పేర్లన్నీ ఒక వరసగా కూర్చి తెర మీద చూపించే ముక్కను వదినే రాసి చేర్చింది. ఆమె కష్టాలన్నీ ఆ ముక్కలోంచే వచ్చినాయి.

మరుసటి ఏడు కాలేజీకి కొత్త మిషన్లు వచ్చినాయి. వాటిని అమ్మినాయన తన డిస్కు వేసి చూపించి, దాన్ని తీసుకొని పోయినాడు, అన్నీ బాగా లేచినాయి. వారం తర్వాత, పిల్లలకు పాఠం మొదలుపెట్టేందుకు వదిన తన సీడీ వేసింది. మొదటి లైను కనపడింది. తెర నల్లబడింది. మళ్లీ మొదటి లైను, మళ్లీ నలుపు. ఏ మిషన్ చూసినా అంతే. ఒకాయన వోల్టేజీ అన్నాడు, ఇంకొకాయన దుమ్ము అన్నాడు. ప్రిన్సిపాల్ మాత్రం, "ఇచ్చినప్పుడు లేచినవి ఇప్పుడెందుకు లేయవు? లోపల చిప్పులు మారినట్టుండాదే. తాళాలు ఎవరి దగ్గరుంటాయి?" అన్నాడు. తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. విచారణ అయ్యేదాకా రావద్దని చెప్పి, ల్యాబ్‌కు తాళం వేసుకున్నారు.

ఆ మాపు అన్నం దగ్గర చెప్పింది. "కొత్త మిషన్లు లేయడం లేదప్పా. నన్ను రావద్దన్నారు." ఆమె ఇంకో వాక్యం చెప్పబోయింది. నేను విన్నానా? లేచి చెయ్యి కడుక్కొని నా గదికి పోయినాను. మర్నాటికి కరపత్రం తయారు. 'కరువు సీమకు కుళ్లు కంప్యూటర్లా?' అని శీర్షిక. ఎక్కడా అమ్ముడుపోని పాడు సరుకును మన జిల్లా నెత్తిన రుద్దినారనీ, దొంగలు పైన ఉంటే నింద ఒక కాంట్రాక్టు మహిళ మీద వేసినారనీ మంటలు మండించినాను. కాలేజీ గేటు ముందర నేనే నిలబడి పంచినాను. పిల్లలు ధర్నాకు కూర్చున్నారు. నా ఛాతీ రెండింతలయింది.

వదిన వాకిట్లో నిలబడి కరపత్రం చదివింది. అలవాటు ప్రకారం రెండుసార్లు.

"బాగా రాసినావు. నిజమేనా ఇది?"

"నీ కోసమే కదా వదినా!"

"నన్ను అడిగితివా?"

ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "మిషన్లు మంచివే అప్పా. తప్పు నేను రాసిన దాంట్లోనే ఉన్నట్టుండాది. యాడుండాదో ఎతకల్ల."

ల్యాబ్‌కు తాళం. మరి ఎక్కడ వెతకాలి? ధర్మవరంలో పట్టుచీరల అంగడాయన ఒకరు అదే రకం మిషన్ కొన్నాడని తెలిసింది. ఆదివారం బస్సెక్కి పోయినాం. చీరల దొంతరల మధ్య, పూసల కవరు కప్పి దేవుడి పటంలాగ పెట్టుకొని ఉన్నాడు దాన్ని. వదిన గాజులు తీసి పక్కన పెట్టి సీడీ వేసింది. తెర వెలిగి ఆరింది, వెలిగి ఆరింది.

"అమ్మా, నా మిషన్‌కు దయ్యం పట్టినట్టుండాదే!" అని అంగడాయన లేచి నిలబడినాడు.

"దయ్యం కాదన్నా, నేను రాసిన రాత. లోపల దేన్నీ ముట్టుకోదు, బయపడొద్దు."

ఇంకో సీడీ తీసింది. అందులో పేర్లను ఒక వరసలో కూడేయకుండా, వచ్చింది వచ్చినట్టు ఒక్కొక్కటే చూపించేటట్టు రాసుకొచ్చింది. అది వేస్తే మిషన్ నిమ్మళంగా లేచింది. ఆ పేర్లన్నీ ఒక చీర అట్టపెట్టె మూత మీద రాసుకుంది. ఆమె మొహంలో సంతోషం ఏమీ లేదు. తన తప్పు దొరికిందని అర్థమయి, సిగ్గుపడినట్టు ఉన్నింది.

ఇంటికొచ్చి కడప బండల మీద సుద్దముక్కతో గడులు గీసింది. చేటలో శనక్కాయ గింజలు తెచ్చి నన్ను పిలిచింది.

"ఈ గడులు ఎన్నుండాయో ఎంచు."

"అరవై నాలుగు."

"పేర్లు రాసుకునేదానికి నేను ఇచ్చిన జాగా ఇంతే. అచ్చరానికి ఒక గింజ. పాత మిషన్ తన ఇద్దెలన్నీ చెప్పినా ఈడిదాకే." నలభై గడులు కూడా నిండలేదు. గింజలు ఎత్తేసి కొత్త మిషన్ పేర్లు మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం పలుకుతా ఒక్కో గింజ. అరవై నాలుగూ నిండినాయి. పిడికిట్లో ఇంకా గింజలు ఉన్నాయి. ఆమె ఆగలేదు. గీత దాటి బయట పెట్టుకుంటా పోయింది. అక్కడ బండ మీద ఒక బాణం గుర్తు వేసి ఉంది. గింజలు దాన్ని కప్పేసినాయి.

"ఈ పని అయినంక తిరిగి యాడికి పోవల్లనో ఆడ రాసి పెట్టుకొనుంటాది. దాని మీదే పోసేస్తి కదా. ఇంగ దావ యాడ కనపడతాది? దిక్కు తెలీక మళ్లా మొదటికి వస్తాండాది." కొంచెం నవ్వింది. "తన గొప్పలు చెప్పుకోబోయి ఇంటి దావ మరిసిపాయ, పాపం."

ఆ మాట అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

"మా ల్యాబ్‌లో ఉండే పాత మిషన్లే లోకమనుకుంటి. రాసేవానికి పలక ఎంతుండాదో తెలిసుండల్లప్పా. ఇంకో పేరు చేర్చే ముందు జాగా ఉండాదా అని అడగల్ల. లేకుంటే ఆగల్ల."

సరిగ్గా ఆ అడగడాన్నే రాసి పెట్టింది. పేరు చేర్చే ముందు మిగిలిన జాగా చూడు, వరస అయిపోయిందని తెలిపే ఆఖరి గుర్తుకు ఒక గడి వదులు, పట్టకపోతే ఆపు. నాలుగైదు లైన్లు, అంతే. చూపించేందుకే ఆ వరస కాబట్టి, కొన్ని పేర్లు రాకపోయినా నష్టం లేదు. మరుసటి వారం ధర్మవరంలో మళ్లీ వేస్తే మిషన్ గమ్మున లేచింది. అంగడాయన కొబ్బరికాయ కొడతానన్నాడు.

వదిన ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, తప్పు నాదే సార్ అని చెప్పి, ల్యాబ్ తెరిపించి, అన్ని మిషన్లూ లేపి చూపించింది. ఆయన మెత్తబడినాడు. తిరిగి తీసుకుంటానన్నాడు. కానీ ఒక మాట అడిగినాడు. "మేము కుళ్లు సరుకు కొన్నామని మీ మరిది ఊరంతా పంచినాడు కదమ్మా. అది తప్పని తన పత్రికలో నాలుగు లైన్లు రాయమను. అయిపాయ."

వదిన నన్ను జీవితంలో అడిగింది ఆ ఒక్కటే.

నేను ఏం చేసినానో చెబుతాను. గంటసేపు వాదించినాను. ఇది ఒక మిషన్ విషయం కాదన్నాను, విధానం అన్నాను. సవరణ వేస్తే యాజమాన్యం చేతికి కత్తి ఇచ్చినట్టే అన్నాను. ధర్నా చేసిన పిల్లల ముందర తల ఎట్లా ఎత్తుకోవాలన్నాను. అన్న పక్క గదిలో దగ్గినాడు, బయటికి రాలేదు.

"మిషన్లు మంచివి అని రాయడానికి ఇంత కథ ఎందుకప్పా?" అంది వదిన.

"నీకు రాజకీయం అర్థం కాదు వదినా."

"సరేలేప్పా" అని లేచి, ఆరేసిన బట్టలు తెచ్చేందుకు మిద్దె మీదికి పోయింది. గాలి లేచి ఉన్నింది. ఊరంతా ఎర్రగా దుమ్ము.

ఆ పనిలోకి ఇంకొకరు వచ్చినారు. వదిన మళ్లీ ఏ కాలేజీ గడపా తొక్కలేదు. తొక్కుదామన్నా, గొడవలోళ్ల ఇంటి మనిషి అని ఎవరూ రానివ్వలేదు. వీధిలో వాళ్ల మిక్సీలు, రేడియోలు బాగు చేసుకుంటా ఉండిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంతకు ముందులాగే అన్నం పెట్టింది. పత్రిక చదివింది. ఏడిపించడం మాత్రం మానేసింది. ఆ సంగతి నేను గమనించేసరికి చాలా ఏళ్లు అయిపోయినాయి.

మిత్రులకు కోపం వస్తుంది, రానీ. మనం నోరు లేనివాళ్ల తరఫున మాట్లాడతాం అని చెప్పుకుంటాం కదా. నా ఇంట్లోనే నోరున్న మనిషి ఉంది. చక్కగా, నిజం, తన తప్పుతో సహా చెబుతా ఉంది. ఆ నోటికి అడ్డంగా నిలబడి నేను ఉపన్యాసం ఇచ్చినాను. తన రాతలో తప్పు దొరికితే ఆమె వారంలో దిద్దుకుంది. నేను ఆమెను పాడెక్కించేదాకా దిద్దుకోలేదు. యాజమాన్యం చేసింది అన్యాయమే, ఇప్పటికీ అంటాను. కానీ వాళ్లు తలుపు తీసి పట్టుకున్నప్పుడు దాన్ని మూసింది నా చెయ్యి.

ఈ వారం రోజులుగా కాగితం ముందర కూర్చుంటే వెనక ఎవరో నిలబడి చదువుతున్నట్టు ఉంటుంది. తిరిగి చూడను. ఒక వాక్యం రాసి ఆగుతాను. మళ్లీ మొదటి నుంచి చదువుతున్నట్టు ఉంటుంది. రెండోసారి.

నిన్న పొద్దున ఆ నాలుగు లైన్లు రాసినాను. మిషన్లు మంచివి. నేను రాసింది అబద్ధం. లోపాన్ని కనిపెట్టింది, ఒప్పుకుంది, సరిచేసింది ఆమే. తీసుకొని కాలేజీకి పోయినాను. పాత ప్రిన్సిపాల్ రిటైరయి ఎటో పోయినాడంట. కుర్చీలో కొత్తాయన మర్యాదగా చదివినాడు. "ఆ మిషన్లు ఎప్పుడో తీసేసినాం సార్. ఈమె ఎవరు?" అన్నాడు. చెప్పినాను. "అయ్యో" అన్నాడు. కాగితాన్ని ఏం చేయాలో తెలీక సొరుగు తెరిచి లోపల పెట్టినాడు.

బయటికి వస్తుంటే వరండాలో ల్యాబ్ కిటికీ తెరిచి ఉంది. లోపల ఒక ఆడపిల్ల, కొత్తగా చేరిన అసిస్టెంటు అనుకుంటాను, మిషన్ల మీది గుడ్డలు తీసి మడుస్తా ఉంది. ఒక మిషన్ స్విచ్చి వేసి, అది పూర్తిగా లేచేదాకా దాని ముందరే నిలబడి, అప్పుడు రెండోదాని దగ్గరికి పోతా ఉంది. ఎంతసేపు చూసినానో తెలీదు. ఆ పిల్ల నన్ను చూసి కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఎవరు కావల్లన్నా?"

నేను ఆ పిల్ల భుజం మీదుగా లోపలికి చూసినాను. ఆ పిల్ల "ఎవరూ లేరన్నా ఈడ, నేనే" అని చెప్పి, తరువాతి మిషన్ దగ్గరికి పోయి స్విచ్చి మీద చెయ్యి పెట్టింది.