టీచరమ్మ షోకేసులో నా క్రిస్టల్

ఆ రోజుల్లో నాకు ఓపిక తప్ప అన్నీ ఉండేవి. పట్టుదలైతే ఇరుగుపొరుగుకు పంచిపెట్టేంత ఉండేది. యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధనలో నాకది నాలుగో ఏడు. నేను తయారుచేసిన పదార్థం నేను చెబుతున్నదేనని రుజువు కావాలంటే దానిది ఒక్క మంచి స్ఫటికం కావాలి. ఆవగింజంత ఉన్నా చాలు, ఎక్స్‌రే యంత్రంలో పెడితే లోపల అణువులు ఎలా అమరాయో తెలిసిపోతుంది. చిన్న సీసాలో ద్రావణం పోసి, మూతకు సూదితో బెజ్జాలు పెట్టి, కదపకుండా వదిలేస్తే మెల్లగా ఆరుతూ స్ఫటికం కడుతుంది. ఆ కదపకుండా ఉండటమే నా వల్ల కాలేదు. గంటకోసారి సీసా ఎత్తి లైటుకు పట్టి చూసేదాన్ని. చివరికి అడుగున ముగ్గుపిండిలాంటి పొడి మిగిలేది. పదకొండు సీసాలు అలా పోయాక మా గైడు సార్ తేల్చేశారు: “ఈ నెలల క్రిస్టల్ రాకపోతే టాపిక్ మార్చుకోమ్మా. గంతే.” నాలుగేళ్ళ కష్టం గంగలో కలిసేలా ఉంది.

క్రిస్టల్ అనగానే తలా ఒక మాట చెప్పారు. ఊరి నుంచి అమ్మ ఫోన్లో “పటికబెల్లమా? దగ్గుకు మంచిదే బిడ్డా” అంది. ఏడేళ్ళుగా థీసిస్ రాస్తున్న మా సీనియర్ థీసిసన్న తన మెడలోని స్ఫటికమాల చూపించి “గిది ఏసుకో చెల్లె, మనసు నిలుస్తది” అన్నాడు (మనసు సంగతి తెలియదుగానీ, ఆయన థీసిస్ మాత్రం ఎక్కడిదక్కడే నిలిచిపోయింది). తార్నాకలో నేను అద్దెకున్న ఇంటి ఓనరు టీచరమ్మ. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడి బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ హాల్లోని అద్దాల షోకేసు చూపించి “క్రిస్టల్ అంటే అవమ్మా. మా అత్తగారికి మిషన్ స్కూల్ దొరసాని ఇచ్చిన గ్లాసులు” అంది. నేను ఊరుకోవచ్చుగా! “అవి గాజు ఆంటీ. లోపల అణువులకు వరస ఉండదు. సైన్స్ ప్రకారం క్రిస్టల్ కాదు” అన్నాను. ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నాలుగో రోజు నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఆవిడే పిలిచింది. “ఊరుకో. నీ సీసా ఈ షోకేసులో పెట్టు. ముప్పై ఏళ్ళ నుంచి ఈ గ్లాసుల్ని నేనే ముట్టుకోలేదు, నువ్వెంత?” పన్నెండో సీసాను ఆరు గ్లాసుల వెనక పెట్టి, తాళం వేసి, తాళంచెవి తన హ్యాండ్‌బ్యాగులో బైబిలు పక్కన వేసుకుంది.

వారం రోజులు టార్చిలైటుతో అద్దానికి ముక్కు ఆనించి చూశాను. గ్లాసులు తప్ప ఏమీ కనబడలేదు. ఆదివారం ఆవిడ చర్చికి వెళ్ళగానే జడపిన్ను తీశాను. సినిమాల్లో ఎంత తేలిగ్గా తెరుచుకుంటుందో తాళం! నా చేతిలో సగం పిన్ను మిగిలింది, మిగతా సగం తాళంలో ఇరుక్కుపోయింది. ఆవిడ వచ్చి “ఏం చేశావ్?” అని అడిగిన ఒక్క ప్రశ్నకే అంతా ఒప్పేసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. తాళంచెవి దూరదు, అద్దం పగలగొట్టడానికి ఆవిడ ఒప్పుకోదు. లాలాపేట్ కార్పెంటరేమో “రేపొస్త” అంటూ రెండు వారాలు తిప్పాడు. ఎట్టకేలకు నెలాఖరుకు రెండు రోజుల ముందు వచ్చి తాళం చూసి “ఏంది మేడం, దొంగలు పడ్డరా?” అన్నాడు.

“దొంగ కాదు బాబూ, పరిశోధకురాలు” అంది టీచరమ్మ.

సీసా అడుగున ఒక్కటంటే ఒక్కటి, నారింజ రంగులో, చాకుతో కోసినట్టున్న అంచులతో మెరుస్తోంది. ఆ పిన్ను విరక్కపోయి ఉంటే దాన్నీ నేనే పాడుచేసేదాన్ని. అక్కడే నేల మీద కూర్చుని మళ్ళీ ఏడ్చాను, ఈసారి సంతోషంతో. ఎక్స్‌రేలో నేను చెప్పిన అమరికే వచ్చింది. ఆ సాయంత్రం టీచరమ్మ నెమ్మదిగా అడిగింది: “ఇంతకీ నా గ్లాసుల సంగతేంటి?”

“క్రిస్టలే ఆంటీ, నూటికి నూరుపాళ్ళు” అన్నాను. సంతకం పెట్టమన్నా పెట్టేదాన్ని.

ఇప్పుడు నేనే గైడుని. పిల్లల సీసాలన్నీ అల్మారాలో పెట్టించి, తాళం వేయించి, చెవి ఎక్కడ దాచారో నాకు కూడా చెప్పొద్దంటాను. మేడం ఎంత నిగ్రహమో అని వాళ్ళు ముచ్చటపడతారు. అందరూ వెళ్ళాక ఆ అల్మారా ముందు నిలబడితే ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే లేని జడలో పిన్ను కోసం వెతుక్కుంటుంది. నేను జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నది ఫ్యాషన్ కోసమని పిల్లలు అనుకుంటున్నారు, అనుకోనీ.