టైపు బల్లలో పట్టని క్యాబినెట్లు

మనిషిని ఒకసారి చూస్తే చాలు, యమునకు జాకెట్టు కొలత వచ్చేస్తుందని నిమ్మనపల్లెలో ఆడవాళ్లు అనేవారు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానిన దగ్గర నుంచి ఆరేళ్లు మేనత్త చౌడమ్మ కుట్టుమిషను పక్కనే కూర్చుని, న్యూస్‌పేపరు మీద గీయడం, కత్తిరించడం, ఆ కాగితాన్ని గుడ్డ మీద పరచడం నేర్చుకుంది. మాట మాత్రం బహు తక్కువ. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు గొంతు దాకా వచ్చి, కాసేపు అక్కడే నిలబడిపోయేది.

రెండు వేల నాలుగులో చౌడమ్మకు చూపు మందగించి మిషను అమ్మేశాక, యమున మదనపల్లెలో సుకుమార్ కంప్యూటర్ షాపులో చేరింది. ఊడ్చడం, ఫోనెత్తడం, వచ్చినవాళ్లకు కుర్చీ వేయడం ఆమె పని. కళ్లు మాత్రం ఎప్పుడూ వెనక బెంచి మీదే. అక్కడ సుకుమార్ క్యాబినెట్ అనే ఖాళీ రేకు పెట్టెలో మదర్‌బోర్డు బిగించి, వైర్లు తగిలించి మీట నొక్కితే లోపల ఫ్యాను తిరిగేది. ఎనిమిది నెలలు చూసి చూసి ఏ వైరు ఎక్కడికి పోవాలో ఆమెకు వచ్చేసింది. చేతులు పెట్టడమే మిగిలింది.

“కుప్పం ఆర్డరు సక్కంగా అయిపోనీమ్మా, నిన్ను బెంచి కాడ కూర్చోబెడతా” అన్నాడు సుకుమార్ ఒకరోజు. ఆ సాయంత్రం యమున ఆ బెంచిని రెండుసార్లు తుడిచింది.

కుప్పం ఆర్డరు విల్సన్ సారుది. ఆయన తండ్రి పెట్టిన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లు తీసేసి నాలుగు కంప్యూటర్లు పెట్టాలనుకున్నాడు. బల్లలు మాత్రం మార్చనన్నాడు. తండ్రి దగ్గరుండి చేయించిన టేకు బల్లలు అవి. కాగితాలు పెట్టుకోవడానికి కింద పద్నాలుగు అంగుళాల వెడల్పున అర ఉంది. కంప్యూటర్ ఆ అరలోనే పట్టాలి. అంటే పడుకోబెట్టే చిన్న క్యాబినెట్లు కావాలి. అవి బెంగళూరులోనే దొరుకుతాయి.

“పోయినసారి పెట్టె మీద మైక్రో, అంటే చిన్న సైజు అని రాసుంటే నమ్మి తెచ్చినా. బోర్డూ మైక్రోనే. స్క్రూ బొక్కలు ఒగదానికొగటి కలవల్యా” అన్నాడు సుకుమార్. “ఈసారి పేరును నమ్మను. మనం బిల్లులు కొట్టే కంప్యూటర్లో ఉండే బోర్డే కుప్పానికీ వస్తాండాది. దాన్ని కొలిచి పేపరు కటింగ్ చేసియ్యి. ఆడ పెట్టెలో పరిచి సూసుకుంటా.”

యమున బిల్లుల కంప్యూటరు పక్క రేకు తీసి, వైర్ల సందుల్లోంచి టేపు దూర్చి కొలిచింది. అటూ ఇటూ తొమ్మిదిన్నర అంగుళాలు. పేపరు పరిచి, గీసి, కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది. ఆ సాయంత్రం సుకుమార్ బస్సెక్కాడు.

మరునాడు మధ్యాహ్నం ఫోను మోగింది.

“మే యమునా, నీ పేపరు చిన్న పెట్టెల్లో యాడా పట్టల్యా. అంగడాయన నవ్వుతాండాడు. సరిగ్గానే కొలిచినావా?”

“కొలిచినానన్నా.”

“ఇంగొకసారి కొలువు. పెట్టేయకు, లైన్లో ఉంటా.”

ఆమె పరుగున పోయి మళ్లీ కొలిచింది. తొమ్మిదిన్నరే. అదే చెప్పింది. “ఏందో, నా తలకాయ పనిచేయల్యా” అని సుకుమార్ ఫోను పెట్టేశాడు. యమునకూ అర్థం కాలేదు. బోర్డు చూస్తే చిన్నది. పెట్టెలూ దానికోసం చేసినవే అంటున్నారు. మరి పట్టకపోవడమేమిటి?

రెండో రోజు కొత్త బోర్డులు నాలుగూ పార్సిల్‌లో వచ్చాయి. సుకుమార్ పెద్ద పెట్టెలే కొని బెంగళూరు నుంచి నేరుగా కుప్పం పోయాడు, బోర్డులు అక్కడికి తెచ్చేయమని కబురు. ఆమె అట్టపెట్టెలను చీరకొంగులో పొదివి పట్టుకుని పుంగనూరులో బస్సు మారింది. కుప్పం చేరేదాకా ఒడిలోంచి దించలేదు.

ఇన్‌స్టిట్యూట్‌లో అడుగు పెట్టేసరికి రంపం చప్పుడు వినిపించింది. వడ్రంగి రంగప్ప మొదటి బల్ల అర పక్కచెక్కను అప్పటికే కోసేశాడు. నేల మీద టేకు పొట్టు. గోడ వారన నాలుగు క్యాబినెట్లు, ఒక్కొక్కటి పదిహేడు అంగుళాల వెడల్పు. విల్సన్ సారు కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

“సారు మొగం ఆడ తిప్పుకున్నాడంటే కొయ్యకూడదనా, సూడలేడనా?” అన్నాడు రంగప్ప.

“కొయ్యప్పా. వేరే దోవ యాడుండాది?” అన్నాడు విల్సన్ సారు తిరగకుండానే.

సుకుమార్ ఒక బోర్డు తీసి పెద్ద పెట్టెలో ఉంచాడు. చుట్టూ బోలెడు జాగా మిగిలింది. “పేపరేమో చిన్నదాంట్లో పట్టదు. బోర్డేమో దీంట్లో ఈత కొడతాండాది. సారూ, మీకేమన్నా అర్థమవుతాండాదా?”

“నేను టైపు సెప్పేవాణ్ని నాయనా.”

యమున ఆ కాగితం తీసుకుని బోర్డు మీద పరిచింది. నాలుగు వైపులా కాగితం బయటికి వేలాడింది. ఎందుకలా ఉందో ఆమెకు ఇంకా తెలియలేదు. ఈలోగా వేళ్లు అలవాటుకొద్దీ కాగితం అంచును లోపలికి మడిచాయి. మడత సరిగ్గా బోర్డు అంచు దగ్గర ఆగింది. రెండో వైపు మడిచింది. అక్కడా అంతే.

కుట్టుకు వదిలింది. జాకెట్టుకు వదిలినట్టే చుట్టూ అరంగుళం వదిలి కత్తిరించింది.

ఫోను వచ్చినప్పుడు రెండోసారి కొలిచింది బోర్డునే, కాగితం అప్పుడు సుకుమార్ చేతిలో ఉంది. చెబితే బెంచి సంగతి అంతటితో సరి. చెప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. రంగప్ప రెండో బల్లను పక్కకు వాల్చి, గీత గీసి, రంపం ఆనించాడు.

“ఆపప్పా” అంది.

ఆ గొంతు ఎవరిదో అని ముగ్గురూ వెతికారు.

“తప్పు నాదన్నా. కుట్టుకు అరంగుళం వదిలేసినాను. చిన్న పెట్టెల్లో పడతాది. బల్లలు కొయ్యొద్దు.”

సుకుమార్ కాగితాన్ని చూశాడు, మడత విప్పాడు, మళ్లీ మడిచాడు. “మదర్‌బోర్డుకు జాకెట్టు కుట్టినావా తల్లీ!” అన్నాడు. “యాల ముందే సెప్పల్యా?”

“ఇప్పుడే తెలిసిందన్నా.”

“నాకూ బుద్ధి ల్యా. టేపు జేబులో పెట్టుకుని, పేపరును కొలవకపోతి.”

రంగప్ప మాత్రం పగలబడి నవ్వాడు. “కుట్టు ఇప్పి పెద్దది చేసుకోవచ్చులే పాపా, బోర్డు లావెక్కితే.” విల్సన్ సారు నవ్వలేదు. కోసిన బల్ల దగ్గరికి వెళ్లి ఆ చెక్క మీద చెయ్యి పెట్టాడు. “ఒగటి పోయింది. మూడు మిగిలె” అన్నాడు మెల్లగా. యమున వంగి నేల మీది టేకు పొట్టు ఎత్తసాగింది.

సుకుమార్ తెల్లారి రైలుకు పెద్ద పెట్టెలు బెంగళూరు తీసుకుపోయి మార్చి, రాత్రికి చిన్నవి పట్టుకొచ్చాడు. మరునాడు నాలుగూ బిగించాడు. మూడు అరల్లో ఒదిగాయి. నాలుగోది పక్కచెక్క లేని అరలో కూర్చుంది. ఈ రెండు రోజులూ ఆయన యమునతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. కోపమో, అలసటో ఆమెకు అంతుపట్టలేదు.

మదనపల్లె వచ్చాక ఆమె చీపురు తీసుకుంది. వెనక నుంచి సుకుమార్ అన్నాడు: “ఇంగ పేపర్లు కత్తిరించొద్దు. ఏ పెట్టె వచ్చినా బోర్డునే పెట్టి సూడు.”

యమున చీపురుతోనే వెనక్కి తిరిగింది. ఇది తిట్టా, పనా? ఇప్పుడే బెంచి దగ్గరికి పోయి చూడమనా, ఎప్పుడైనా పెట్టె వస్తే చూడమనా? ఎన్నడూ ఎదురడగని మనిషి, ఆ రోజు అడిగేసింది.

“అంటే… బెంచి కాడ కూర్చోవాలనా అన్నా?”

“కాక యాడ కూర్చుంటావు, నా నెత్తినా?”

అప్పటికీ ఆమెకు నమ్మకం కుదరలేదు. చీపురు గోడకు ఆనించి వెళ్లి స్టూలెక్కింది. ఎత్తు ఎక్కువ, కాళ్లు నేలకు అందలేదు. ముందున్న ఖాళీ పెట్టెలో ఏ స్క్రూ మొదట పెట్టాలో, అన్నీ తెలిసిన ఆ పిల్లకు ఆ క్షణాన గుర్తు రాలేదు.