చేట బొమ్మ కింద రాసిన పేరు

నన్ను తమిళనాడులో మదురై దగ్గరి వాడిపట్టిలో ఒక ప్రాథమిక పాఠశాలకు సెకండరీ గ్రేడ్ టీచరుగా బదిలీ చేసిన సంవత్సరం, జూన్‌లో బడి తెరిచిన నాడే మూడో తరగతి అప్పగించారు. రిటైరవడానికి ముందు అదే నా చివరి పోస్టింగు. గోడలకు కొత్తగా సున్నం వేశారు కనుక మేకు కొట్టకూడదు, జిగురు పూయకూడదు అని హెడ్‌మిస్ట్రెస్ గారి ఉత్తర్వు. సరేనని కిటికీకీ కిటికీకీ మధ్య తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పిల్లల కాగితాలు వేలాడదీశాను. ఫ్యాను తిరిగితే గదంతా మెల్లగా ఊగేది. మధ్యాహ్నపు ఎండ ఆ రంగు కాగితాల గుండా దిగి పిల్లల మొహాల మీద పచ్చగా, ఎర్రగా కదిలేది. పాఠం చెబుతూ చెబుతూ నేనే ఎక్కడికో వెళ్ళిపోయేదాన్ని.

ప్రదర్శనకు మా వృత్తిలో కొన్ని పద్ధతులున్నాయి. తాడు పిల్లల కంటి ఎత్తునే ఉండాలి, పెద్దలు కావాలంటే వంగి చూసుకుంటారు. అందరి కాగితాలూ పెట్టాలి. పెట్టిన కాగితం మీద ఎర్ర సిరా పడకూడదు.

ఒక వారం నేనిచ్చిన పని, ఇంట్లో వాడే వస్తువు గీసి కింద పేరు రాయడం. స్టెల్లా అనే పిల్ల బడి తెరిచినప్పటినుంచి క్లాసులో నోరు విప్పింది లేదు. అడిగితే తల ఊపేది, అంతే. తను చక్కని చేట గీసింది. తమిళంలో దాన్ని మురం అంటారు. ఈ పిల్ల మాత్రం తమ ఇంట్లో పలికే ‘చేట’ అన్న తెలుగు మాటనే తమిళ అక్షరాల్లో పెట్టింది. తమిళంలో మాట మొదట్లో చ రాస్తే స అని చదువుతారు. ట, డ రెండింటికీ ఒకటే అక్షరం, ట అని పలకాలంటే ఒత్తు తగిలించాలి. తగిలించేసరికి అది ‘సేట్ట’ అయి కూర్చుంది. తమిళంలో అల్లరి అని అర్థం. క్లాసంతా ఒకటే నవ్వు. ‘ఏయ్ సేట్టా’ అని పేరు కూడా పెట్టేశారు. పిల్ల బెంచీ మీద తల వాల్చేసింది.

మాదీ తెలుగు ఇల్లే, అయినా బడిలో తమిళం తప్ప మాట్లాడేదాన్ని కాదు. ఆ రోజు పక్కన కూర్చుని, ముద్దుగా తమిళపు ‘కణ్ణు’ ఒకటి తగిలించి, తెలుగులో అడిగాను, "ఏమి కణ్ణు ఇది?"

తల ఎత్తింది. "చేట, టీచర్. మాయమ్మ మిల్లులో బియ్యం చెరుగుతాది," అంది గుసగుసగా. ఆపైన, "మీరూ తెలుంగా?" అంది. అవునన్నాను.

మర్నాడు బ్లాక్ విద్యాధికారి తనిఖీ. తప్పు దిద్దండి, లేదా కాగితం తీసేయండి అన్నారు హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ భయం ఆవిడది. తీస్తే ఈ పిల్ల ఇక నోరు విప్పదని నా భయం. దిద్దలేదు, తీయలేదు.

అధికారి తాడు వెంట వంగి వంగి నడిచారు. చేట దగ్గర ఆగి, నవ్వుతూ బిగ్గరగా చదివారు. "యార్ పణ్ణిన సేట్ట ఇదు?" ఎవరు చేసిన అల్లరి ఇది అని. హెడ్‌మిస్ట్రెస్ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

స్టెల్లా లేచింది. "సేట్ట ఇల్ల సార్," అంది, గదంతటికీ వినబడేలా. "చేట. ఎంగ వీట్ల ఇప్పడిదాన్ సొల్లువోం." మా ఇంట్లో ఇలాగే అంటాం అని. రెండు చేతులూ చాచి, లేని బియ్యాన్ని చెరిగి చూపించింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పిల్లల పని ఎందుకు వేలాడదీయాలని కొత్త టీచర్లు అడుగుతుంటారు. గది అందం కోసమే అనుకునేదాన్ని నేనూ. దిద్దకుండా ఉంచిన కాగితం పక్కన పిల్ల లేచి నిలబడుతుంది. నాకు తెలిసింది ఇంతే.