మోటారు ప్లగ్గు

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, పలకల మీద నమ్మకం లేనివాడు సాయినాథ్. నాయన గురునాథానికి బస్టాండు దగ్గర పలకల దుకాణం. పిల్లలు రాతి పలక పట్టుకోవడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడా దుకాణంలో ప్లాస్టిక్ బకెట్లు ముందుంటాయి, పలకలు వాటి వెనక దుమ్ము పట్టి ఉంటాయి. సాయినాథ్ డిగ్రీ సగంలో ఆపేసి ఆ బకెట్ల మధ్య కూర్చున్నాడు. కూర్చున్న చోటే గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలన్నీ చదివాడు. ఇంగ్లీషు అట్లా నేర్చుకున్నాడు, కంప్యూటరూ అట్లాగే నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదన్న గర్వం వాడికి ఎంత ఉండేదో, నేర్చుకున్నది ఎవరికీ పనికిరావడం లేదన్న కసీ అంతే ఉండేది.

ఇంట్లో ఉన్న కంప్యూటర్ మాత్రం వాడిది కాదు. అక్క సుచరితది. గిద్దలూరులో ఫొటో స్టూడియో ఉన్న జోసెఫ్ పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసి తెస్తే, ఆమె ఇంట్లో కూర్చుని ఆల్బమ్‌లు తయారుచేస్తుంది. బకెట్లు అమ్ముడుపోని నెలల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె పనితోనే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

హైదరాబాదులో ఒక కంపెనీ, ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగానికి పరీక్ష పెట్టింది. శుక్రవారం పొద్దున లింకు పంపుతామన్నారు. విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్, లినక్స్, ఉన్న కంప్యూటర్ మీదే రాయాలి, ఉద్యోగం వస్తే పని కూడా దాని మీదే. అక్క ఆల్బమ్‌ల సాఫ్ట్‌వేరేమో విండోస్ లేకపోతే తెరుచుకోదు. అందుకని రెంటినీ ఒకే కంప్యూటర్లో పెట్టాలనుకున్నాడు.

"రెండూ ఒకే దాంట్లో ఎట్ల ఉంటాయిరా?" అంది సుచరిత.

"ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు ఉండవా అక్కా? ఆన్ చేయంగానే ఏది కావాలని అడుగుతాది. నీది నీకు, నాది నాకు."

"వేరు కాపురమన్నమాట. మన చిన్నాయనోళ్ళు పెట్టినారుగా, గోడ కాడ కొట్లాటలు ఇంకా తెగలేదు." ఆమె నవ్వి, మళ్ళీ నవ్వు ఆపేసింది. "ఒరే సాయీ, శనివారం జోసెఫ్ అన్న ఫొటోలు ఎక్కించుకునేదానికి డిస్కు తెస్తాడు. అందాక ఆగు. త్రిపురాంతకం పెళ్ళి మొత్తం డి డ్రైవులోనే ఉంది. కెమెరా కార్డులు తుడిచేసి వేరే పెళ్ళికి పోయినాడు ఆయన. ఇంకెక్కడా లేవు ఆ ఫొటోలు."

"పరీక్ష శుక్రవారమైతే శనివారం దాకా ఏం ఆగేది? నీ ఫొటోల జోలికి పోను, సరేనా?"

ఆమె సరే అనలేదు. వద్దని కూడా గట్టిగా అనలేదు. తమ్ముడి మొహంలో అన్ని రోజుల తర్వాత కాస్త వెలుగు కనిపించింది మరి.

సోమవారం మధ్యాహ్నం ఆమె నాయనకు క్యారియర్ తీసుకొని దుకాణానికి పోగానే సాయినాథ్ పని మొదలుపెట్టాడు. పెన్ డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేశాడు. డి డ్రైవును కొంచెం వెనక్కి జరిపి, ముందు మిగిలే జాగాలో లినక్స్ పెట్టాలి. జరపడమంటే అందులో ఉన్న ప్రతి ఫొటోనూ మెల్లగా ఎత్తి పక్కన పెట్టుకుంటూ పోవడమే. మధ్యలో కరెంటు పోతే ఎత్తినవీ పోతాయి, పెట్టినవీ పోతాయి. ఆ మాట వాడు చదివిన ప్రతి చోటా ఎర్రక్షరాల్లో ఉంది. అందుకే సబ్‌స్టేషన్లో పనిచేసే కిరణ్‌కు ముందే ఫోన్ చేసి అడిగాడు.

"ఈ రోజు కోత లేదురా మామా. గాలివాన వస్తే తప్ప మీ వీధికి కరెంటు పోదు, నాది పూచీ," అన్నాడు కిరణ్.

ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. సాయినాథ్ ధైర్యంగా బటన్ నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ గీత కదలడం మొదలైంది. అది సగం దాటేసరికి మనసులోనే ఉద్యోగంలో చేరిపోయాడు. దుకాణం ముందు బకెట్లు తీసేసి నాయనను ఇంట్లో కూర్చోబెట్టాడు.

అప్పుడు ఎదురింటి గోవిందమ్మ గొంతు వినిపించింది.

"నీళ్ళొచ్చినాయి! హైమా, నీళ్ళొచ్చినాయమ్మోవ్!"

ఆ ఊళ్ళో నీళ్ళ కుళాయి నాలుగైదు రోజులకోసారి వస్తుంది, ఏ వేళకు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిన గంటసేపట్లో పట్టుకున్నవే నీళ్ళు. మోటారు పెట్టకపోతే పక్కింటి మోటారు లాగేసుకుంటుంది. ఆ ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు పట్టేది, మోటారును మోయగలిగేది ముందు గదిలోని లావు సాకెట్ ఒక్కటే. టీవీ అయినా, మిక్సీ అయినా, ఏది దానికి తగిలించి ఉంటే అది పీకేసి మోటారు ప్లగ్గు పెట్టాలి. నడక వచ్చిన నాటి నుంచీ సాయినాథ్ చేసిన పని అది. ఆలస్యం చేసినందుకు చిన్నప్పుడు వీపు మీద దెబ్బలు కూడా తిన్నాడు.

వాడు లేచాడు. వంగి ప్లగ్గు పీకాడు. మోటారు ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు. మోటారు గుర్రుమంది. కిటికీలోంచి, "వేసినానమ్మా!" అని కేకేశాడు.

తిరిగి చూస్తే తెర నల్లగా ఉంది.

చేతిలో ఇంకా కంప్యూటర్ ప్లగ్గు ఉంది. బయట తల్లి హైమావతి డ్రమ్ములు జరుపుతూ, "ఈసారి ధార బాగుందిరా నాయనా, బంగారంగా ఉంది!" అంటోంది.

సుచరిత వచ్చి, విని, అరవలేదు. అరిస్తే బాగుండుననుకున్నాడు వాడు. ఆమె గోడకు ఆనుకొని కూర్చుని, "జోసెఫ్ అన్నకు ఏం చెప్పాలరా?" అని ఒక్కటే అడిగింది. ఆ రాత్రి అన్నం కలుపుకొని తినకుండా లేచింది.

దొరికినవి దాచడానికి వాడు కిరణ్ దగ్గర పాత డిస్కు ఒకటి తెచ్చాడు. పోయిన ఫొటోలను డిస్కు మూలమూలలా వెతికి ఏరే ప్రోగ్రామ్ ఒకటి పెన్ డ్రైవ్ నుంచే నడిపించాడు. ముసలి డిస్కు కాబట్టి అది నత్తలా సాగింది. మధ్యలో ఆపితే మొదటికొస్తుంది. కంప్యూటర్ పక్కనే పడుకున్నాడు, పక్కనే తిన్నాడు. తెర మీద దొరికిన ఫొటోల లెక్క పెరిగినప్పుడల్లా బతికినట్టూ, ఆగినప్పుడల్లా చచ్చినట్టూ ఉండేది.

శుక్రవారం పొద్దున పరీక్ష లింకు ఫోన్లోకి వచ్చింది. కంప్యూటర్ ఇంకా వెతుకుతూనే ఉంది. వాడు లింకు వైపు చూసి ఫోన్ బోర్లా పెట్టాడు. ఆ సమయానికే గోవిందమ్మ మళ్ళీ కేకేసింది.

"నీళ్ళొచ్చినాయి!"

వాడి చెయ్యి సాకెట్ దాకా పోయింది. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకున్నాడు. హైమావతి గుమ్మంలోకి వచ్చింది.

"లేరా, మోటారు వెయ్యి. ఇంట్లో తాగేదానికి చెంబెడు లేవు."

"వెయ్యనమ్మా. ఇది ఆగితే అక్క ఫొటోలు ఇంక రావు."

"నీళ్ళు లేకపోతే ఫొటోలు కడుక్కొని తాగుతామా?" ఆమె ముందుకొచ్చింది. సుచరిత ఆమె భుజం పట్టుకొని ఆపింది. "ఉండనీమ్మా. బిందెలు తే, పట్టుకుందాం."

మోటారు లేని కుళాయికి దారమంత ధార వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు కుళాయి గుంతలోకి దిగి చెంబుతో తోడుకున్నారు. ఎదురు గడప నుంచి గోవిందమ్మ అంది. "ఏందే హైమా, మోటారు చెడిపోయినాదా?"

"మోటారు బాగానే ఉందొదినా. మావాడే చెడిపోయినాడు," అంది హైమావతి.

ఆ మాట కిటికీలోంచి లోపలికి వచ్చింది. సాయినాథ్ సాకెట్‌కు వీపు ఆనించి, కాళ్ళు ముడుచుకొని, నీళ్ళు ఆగిపోయిందాకా అట్లాగే కూర్చున్నాడు. అప్పటికి పరీక్ష కూడా అయిపోయింది.

సాయంత్రానికి వెతకడం పూర్తయింది. పేర్లు పోయిన వేల ఫొటోలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సుచరిత వాటిని ఒక్కొక్కటే తెరిచింది. కొన్ని బాగానే ఉన్నాయి. చాలావాటికి పై సగమే ఉంది, కింద బూడిదరంగు. జీలకర్రా బెల్లం పెట్టే ఫొటోలో రెండు తలలూ, వాటి మీద రెండు చేతులూ దొరికాయి. "ఇది చాల్లే, దీన్ని కత్తిరించి పెట్టుకోవచ్చు," అంది ఆమె. రాత్రి దాకా చూశారు, మర్నాడు తెల్లవారి మళ్ళీ చూశారు. తాళి కడుతున్న ఫొటో ఒక్కటీ లేదు. పెళ్ళికొడుకు వంగుతున్నది ఉంది, లేచి నిలబడ్డది ఉంది.

శనివారం జోసెఫ్ వచ్చాడు. ఆమె ఏదో చెప్పబోతే సాయినాథ్ అడ్డొచ్చి, "నేనే అన్నా, ప్లగ్గు పీకింది," అన్నాడు. జోసెఫ్ కోపం తెచ్చుకోలేదు.

"తాళి లేని ఆల్బమ్ తీసుకపోయి ఆ ఇంట్లో ఎట్ల పెట్టేదమ్మా? పెళ్ళి మళ్ళీ చేసుకోమని అడుగుదునా?"

దొరికినవన్నీ తన డిస్కులోకి ఎక్కించుకున్నాడు. ఆమె సగం చేసిన ఇంకో ఆల్బమ్ పనినీ వెనక్కి తీసుకున్నాడు. "మళ్ళీ ఫోన్ చేస్తాలే తల్లీ," అని పోయాడు. చేయలేదు.

ఖాళీ అయిన కంప్యూటర్ డిస్కులో సాయినాథ్ రెండు సిస్టమ్‌లనూ పెట్టాడు. ఈసారి ఎక్కడా తప్పు జరగలేదు. ఆన్ చేస్తే నల్లటి తెర మీద రెండు పేర్లు వచ్చి, ఏది కావాలని అడిగాయి. సుచరిత వెనక నిలబడి చూసింది.

"ఏది తెరవాలక్కా?"

"ఏది తెరిస్తే ఏముందిరా అందులో?" అని ఆమె వంటింట్లోకి పోయింది.

వాడు ఆ రెండు పేర్లనూ చూస్తూ కూర్చున్నాడు. వీధిలోంచి గోవిందమ్మ కేక వినిపించింది. లేచి, వంగి, ప్లగ్గు పీకి, మోటారు పెట్టాడు.