పారశీక అశ్వదళంలో నా ఒక్క పూట ఉద్యోగం

హాయిల్ శివార్లలో మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి నన్ను ఈ అరబ్బు దేశానికి తెచ్చుకున్న యజమానికి, గుర్రపుశాల ఉంది. అక్కడ మేత వేయడం, లద్దె ఎత్తడం నా పని. గుర్రాల దగ్గర పనిచేసేవాడికి స్వారీ దానంతట అదే వస్తుందని ఆయన గట్టి నమ్మకం. ఆ లెక్కన విమానాలు కడిగేవాళ్లంతా పైలట్లు కావాలి.

పోయిన చలికాలం, గ్రీకులకూ పారశీకులకూ జరిగిన పాతకాలపు యుద్ధాల మీద వీడియో తీయడానికి ఒక బృందం వచ్చింది. కఫీల్ గుర్రాలను అద్దెకిచ్చి, వాటితోపాటు మమ్మల్ని ఉచితంగా కలిపాడు. నాకు పారశీక రౌతు వేషం. నాతో ఒకే గదిలో ఉండే జగిత్యాల మేస్త్రీ అన్నకు గ్రీకు సైనికుడి వేషం. బృందంలో మా భాష తెలిసినవాడు ఒక హైదరాబాదు భాయ్. ఆయన వచ్చి నా జీను చూశాడు.

“కాళ్లు పెట్టుకునే రికాబులు తీసెయ్యి భాయ్. అప్పట్ల అవి లేవు. డైరెక్టర్ సాబ్‌కు అసల్ చరిత్ర కావాల్నంట.”

“మరి కింద పడితే?”

“అప్పట్ల గూడ పడేటోళ్లే గద.”

చరిత్ర మీద అంత భక్తి ఉన్న ఆ డైరెక్టర్ నా మొహానికి అతికించింది నైలాన్ గడ్డం.

గ్రీకులు డాలుకు డాలు ఆనించి, ఈటెలు చాచి గోడలా నిలబడ్డారు. మేం దూసుకెళ్లాం. ఈటెల ముందుకు రాగానే నా గుర్రం ఆగిపోయింది. రెండోసారీ ఆగింది. అక్కడ ఉన్నవాళ్లందరిలోకీ తెలివైనది అదే. డైరెక్టర్ అరుస్తుంటే, చరిత్ర చెప్పడానికి పిలిపించిన పంతులుగారు అప్పుడు నోరు విప్పారు. అసలు యుద్ధాల్లోనూ గుర్రాలు ఈటెల గోడకు గుద్దుకునేవి కావట. రౌతులు దగ్గరికొచ్చి బాణాలు వేసి వెనుదిరిగేవారట. వరస చెదిరాక, పారిపోయేవాళ్లను తరమడమే వాళ్ల అసలు పనట. ఈ మాట పొద్దున్నే చెప్పొచ్చు కదా అంటే, ఆయన్ను ఎవరూ అడగలేదట.

మూడోసారి పక్కనుంచి వెళ్లాం. గ్రీకులు నిజంగానే పరుగెత్తారు. మేస్త్రీ అన్న మాత్రం కదల్లేదు. వీరత్వం కాదు, శిరస్త్రాణం కళ్ల మీదికి జారింది. అతణ్ణి తప్పించబోయి గుర్రం పక్కకు తిరిగింది. కాళ్లు ఆనించడానికి రికాబులు లేవు, నేను నేల మీద ఉన్నాను.

అన్న ఈటె పారేసి నా పక్కన కూర్చున్నాడు. “ఏడ తాకింది? చెయ్యి లేపు. అరే, లేపుమంటున్న గద!”

“లేస్తలేదే అన్నా.”

నీళ్ల సీసా నా నోటికి అందించాడు. భాయ్ పరుగెత్తుకొచ్చాడు. “జర పక్కకు జరుగన్నా. గ్రీకోడు పారశీకునికి నీళ్లు తాపినట్టు చరిత్రల లేదంట.”

“లేకుంటే ఇయ్యాల రాసుకొమ్మను” అన్నాడు అన్న. జరగలేదు.

నొప్పిలోనూ నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి ఇంకా ఎక్కువైంది. కఫీల్ వచ్చి ముందు గుర్రం కాళ్లు తడిమి చూసి, దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుని, తర్వాత నన్ను ఆసుపత్రికి పంపాడు. భుజం ఎముక చిట్లింది. అది అతుక్కునేదాకా నాకు స్నానానికి నీళ్లు తోడింది, అన్నం కలిపి పెట్టింది ఆ గ్రీకు సైనికుడే.

వీడియో వచ్చాక గదిలో అందరం ఫోన్‌లో చూశాం. అంతా దుమ్ము. నేను పడ్డ ముక్క మాత్రం ఉంచారు. పారశీక అశ్వదళం కుప్పకూలిందని వెనక నుంచి ఒక గంభీరమైన గొంతు చెప్పింది. పడింది నేనొక్కణ్ణే.