ఆయన వాడిన తూటాలు

జైనబ్‌కి తుపాకీ అంటే భయం లేదు. ప్రొద్దుటూరులో పుట్టినదానికి చప్పుళ్ళు కొత్తా అని నవ్వేది. ఆమె భయమల్లా సీబ్ పట్నమంటేనే.

ఆ అరబ్బు దేశంలో, బహ్లా ఊరి బయట ఖర్జూర తోటలో, ఉమ్ ఖల్ఫాన్ ఇంట్లో ఆమె వంటా పనీ చూసేది. ఉమ్ ఖల్ఫాన్ అంటే ఖల్ఫాన్ తల్లి. ఆ వైపు ఆడవాళ్ళని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. తోటలో నీళ్ళ కాలవ పక్కన జైనబ్ వేసుకున్న గోంగూర మడి ఉంది, ఆమె మాట తప్ప ఇంకెవరి మాటా వినని మేకలున్నాయి. మొగుడు పోయాక తోడబుట్టినవాళ్ళ ఇళ్ళలో ఒక మూల కూడా తనది కాకుండా గడిపిన మనిషికి, ఇక్కడ కాలు కుదురుకుంది. సీబ్‌లో ఖల్ఫాన్‌కి విల్లా ఉంది, వంటమనిషి ఉంది. తల్లి అక్కడికి వెళ్ళిపోతే తోట ఇంటికి తాళం పడుతుంది. జైనబ్ ఊరికి విమానమెక్కాలి.

ఆ తాళం ఇప్పుడు రివాల్వర్ మీద ఆధారపడి ఉంది.

రివాల్వర్ ఉమ్ ఖల్ఫాన్ భర్తది, ముసలాయనది. ఆయన పోయాక పోలీసుల దగ్గర కాయితాలన్నీ ఉమ్ ఖల్ఫాన్ పేరుకి మారాయి. ఇద్దరు ఆడవాళ్ళు ఒంటరిగా ఉండే తోట. కొండవైపు నుంచి మేకల కోసం కుక్కల గుంపులు దిగేవి. తుపాకీ ఉండటం మంచిదేనని మొదట్లో ఖల్ఫాన్ కూడా అన్నాడు. కానీ పోయిన నెల తల్లిని ప్రాక్టీసు మైదానానికి తీసుకెళ్ళి చూసి, మాట మార్చాడు. ఆమె పేల్చినన్నీ పేల్చింది, అట్ట మీద ఒక్క చిల్లూ పడలేదు.

"తగలని తుపాకీ ఉండటం కంటే లేకపోవడం మేలమ్మా. వచ్చే నెల మొదటి శుక్రవారం మళ్ళీ చూస్తాను. ఇలాగే ఉంటే దాన్ని పోలీసులకి అప్పగించేద్దాం, నువ్వు నాతో వచ్చేద్దువుగాని," అన్నాడు.

ఆమె సరే అంది. ఒకసారి సరే అన్నాక వెనక్కి తీసుకునే మనిషి కాదు.

తప్పంతా ఎర్ర డబ్బా తూటాలదని జైనబ్‌కి అనుమానం. అవి పేలినప్పుడల్లా ముసలామె చెయ్యి తలదాకా ఎగిరేది. మూడోసారికే భయం పట్టుకుని, మీట నొక్కక ముందే కళ్ళు మూసేది. ఇంటికొచ్చాక మణికట్టు వాచేది. జైనబ్ ఆముదం వెచ్చచేసి రాసేది.

"మెత్తటివి దొరకవా అమ్మా?" అని అడిగింది ఒకసారి, అరబ్బీ, ఉర్దూ కలిసిన వాళ్ళిద్దరి భాషలో.

"ఆయన ఇవే వాడాడు. ముప్ఫై ఏళ్ళు అల్మారాలో ఈ డబ్బానే చూశాను," అంది ఉమ్ ఖల్ఫాన్.

జైనబ్ తన టీ గ్లాసు అందుకుంది. తనకి తీపి పడదు. అయినా ఇప్పటికీ టీలో మొగుడు తాగినంత చక్కెరా వేసుకునే తాగుతోంది. పోయినవాళ్ళ అలవాటుని కాదనడం ఎంత కష్టమో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

గురువారం ముసలామె తెల్ల పికప్ తానే నడుపుకుంటూ బజారుకి బయల్దేరింది. పక్క సీట్లో జైనబ్, ఆమె ఒళ్ళో గోంగూర కట్ట. తుపాకుల కొట్లో పనిచేసే పెంచలయ్యది రాజంపేట. ఆ కొట్లో ఆయన తల నెరిసింది. తుపాకీ కాయితం చూసి కళ్ళకద్దుకున్నంత మర్యాదగా తిరిగిచ్చి, ముసలామె ముందు ఖర్జూరాలు, కావా కాఫీ కప్పు పెట్టాడు. కావా అయ్యేదాకా ఆ కొట్లో బేరం మాట ఎత్తరు. ఈలోగా తెలుగు నడిచింది.

"ఏమక్కా, గోంగూర తెచ్చినావా?"

"తెచ్చినా లేప్పా. అది సరే, ఈమె ఎర్ర డబ్బా అడుగుతాది. ఇయ్యాకు."

"ఇయ్యకుంటే ఎట్ల? లేదని చెప్పేదానికి ఎదురుగా కండ్లకి కనపడతాండాది కదా."

"చెయ్యి చూడు, ఎట్ల వాచిందో. రేపు కొడుకు వస్తాడు. గురి తప్పిందంటే నేను ప్రొద్దుటూరు బస్సెక్కాల."

"బస్సు ఈడికి రాదక్కా. సముద్రం అడ్డముండాది."

"నీ ఎటకారం తగలెయ్య. నాలుగు మంచిమాటలు చెప్పరాదా ఆమెకు?"

"మీరు నా గురించే మాట్లాడుతున్నారు," అంది ఉమ్ ఖల్ఫాన్ కప్పు దించుతూ. "ఇన్నేళ్ళు ఇది గొణుగుతుంటే విన్నాను. చెయ్యి అంటే ఏమిటో నాకు తెలుసు."

పెంచలయ్య గాజుబల్లని గుడ్డతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. ఆఖరికి వంగి, కింది అరలోంచి ఒక బూడిదరంగు డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు. లోపలి తూటాలకి మొన లేదు, కత్తితో కోసినట్టు చదునుగా ఉన్నాయి.

"ఇది పెద్దాయన డబ్బా అమ్మా," అన్నాడు అరబ్బీలో.

"ఆయనది ఎర్రది."

"ఎర్రది ఇంటికి. రివాల్వర్‌లో నింపి ఉంచడానికి. ప్రాక్టీసుకి ఎప్పుడూ ఇవే. ఇక్కడ కొనడం, మైదానంలో అన్నీ కాల్చెయ్యడం, ఖాళీ తొడుగులు అక్కడే వదిలెయ్యడం. ఇంటికి ఏం మిగుల్తుంది? మీరు చూసింది మిగిలిన డబ్బా. అది ఆయన ఎన్నడూ పూర్తి చెయ్యలేదమ్మా. పాతబడితే నేనే కొత్తది ఇచ్చేవాణ్ణి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎర్రవి ఆయన చేతికీ పడేవి కావు. ఎప్పుడైనా నాలుగు కాల్చి చూస్తే మణికట్టు పట్టేసేది. ఇంట్లో చెప్పొద్దు పెంచలయ్యా అన్నాడు. మాటిచ్చాను. మనిషి పోయాక మాట కూడా పోయిందో లేదో తెలియక ఊరుకున్నాను."

ముసలామె డబ్బా చేతిలోకి తీసుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది జైనబ్. నవ్వుతోంది.

"నీళ్ళ మోటారు హ్యాండిల్ తిప్పి తిప్పి చేతికి నొప్పి అనేవాడు. ఎన్నేళ్ళు నా చేత నూనె రాయించుకున్నాడు ఈ మనిషి!"

తర్వాత ఆమె బేరానికి కూర్చున్న తీరు చూడాలి. బూడిదరంగువి అరచేతిలో దొర్లించింది. ఇంట్లో ఉంచుకోవడానికి ఏవి అని అడిగింది. ఎర్రవాటికంటే తక్కువ తన్నేవి నీలం డబ్బాలో ఉన్నాయని చూపించాడు పెంచలయ్య.

"గట్టిది గోడకి తగిలి ఏం లాభమమ్మా. మెత్తదైనా తగిలిందే తూటా. కాకపోతే నీలంవి కూడా కొన్ని కాల్చి చూసుకోండి. నింపి ఉంచేదేదో చేతికి ముందే తెలిసి ఉండాలి."

రెండు రకాలూ తీసుకుంది. గోంగూర కట్ట కొట్లో ఉండిపోయింది.

దారిలో మైదానం దగ్గర ఆగారు. మొదటి చప్పుడికి ముసలామె అలవాటుగా కళ్ళు మూసింది. చెయ్యి ఎగరకపోయేసరికి ఆశ్చర్యపోయినట్టు తెరిచింది. ఆ తర్వాత మూయలేదు. సాయంత్రం ఇంటిదారి పట్టాక, స్టీరింగ్ మీద వేళ్ళు ఆడిస్తూ అడిగింది.

"పెళ్ళానికి అబద్ధాలు చెప్పేవాణ్ణి మీ భాషలో ఏమంటారు?"

"మొగుడంటారమ్మా."

"మొ-గు-డు," అని పలికి చూసుకుంది. తోట వచ్చేదాకా అదే పలికింది.

శుక్రవారం నమాజు అయ్యాక ఖల్ఫాన్ వచ్చాడు. మైదానంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తల్లి ముందు బూడిదరంగువి పేల్చింది, తర్వాత నీలంవి. జైనబ్ చెవులు మూసుకుంది కానీ కళ్ళు మాత్రం అట్ట మీంచి తీయలేదు. ఖల్ఫాన్ వెళ్ళి అట్ట ఊడదీసుకొచ్చాడు. నడిమి వలయం చుట్టూ గుండ్రటి చిల్లులు. ఒక్కటి మాత్రం మూలకి పోయింది. వాటి మీద వేలు పెట్టి చూశాడు.

"ఏం తూటాలమ్మా ఇవి?"

"మీ నాన్న వాడినవే," అంది ఉమ్ ఖల్ఫాన్, జైనబ్‌కేసి చూడకుండా.

ఖల్ఫాన్ తల ఊపాడు. తండ్రి పేరు విన్నప్పుడల్లా ఊపినట్టే, గౌరవంగా. అట్టని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు, సీబ్ మాట ఎత్తలేదు. తర్వాత జైనబ్ వైపు తిరిగి, మధ్యాహ్నం భోజనంలోకి ఆ పుల్లటి ఆకు వేసి మాంసం చేశావా అని అడిగాడు.

చేసింది. పొద్దున్నే చేసి పెట్టింది, ఏదైతే అదయిందని.